పెన్సిల్‌తో రాసిన ఒక్క మాట

ఆ రోజుల గురించి మావాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. సింగపూర్‌లో ఏ తెలుగువాళ్ళ విందుకెళ్ళినా పులిహోర ప్లేటు కంటే ముందు అదే చేతికొస్తుంది. రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ కూలబోతుంటే మనవాళ్ళు విమానాలు దిగి, కోడ్ రాసి, వాటిని నిలబెట్టారట. ఈ కథ అందరికంటే గట్టిగా చెప్పే ఆయన ఆ ఏడాదంతా ఏం చేశాడో నాకు తెలుసు. ప్రింటర్లలో కాగితం పెట్టాడు. ఆ మాట నేను పైకే అంటాను. అందుకే నన్ను విందులకు పిలవడం తగ్గింది.

రెండో కథ మా కంపెనీది. చాంగీ బిజినెస్ పార్క్‌లో మా ఆఫీసు గోడకు నిలువెత్తు అట్ట మీద అచ్చువేసి పెట్టారు. అమెరికా చరిత్రలో నోరులేని ఆడవాళ్ళ గొంతును మేము కాపాడామని దాని సారాంశం. దాని ముందు నిలబడి కొత్తవాళ్ళు ఫొటోలు తీయించుకునేవారు. నేను అక్కడ పదకొండేళ్ళు పనిచేశాను. ఆ గొంతును కాపాడామో, నొక్కామో నాకు తెలిసినంతగా ఆ అట్టకు తెలియదు. నొక్కిన చేతుల్లో ఒకటి నాది.

యాభై నాలుగేళ్ళకే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాను కనుక, ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఈ పనికి ఇవాళ కొత్త పేర్లు వచ్చాయి, జీతంతో పాటు టీషర్టు కూడా ఇస్తున్నారట. పని మాత్రం అదే. ఎవరో రాసిన కాగితం చూసి, అందులో ఏముందో యంత్రానికి చెప్పడం.

ఏం చేసేవాళ్ళం

నేను ఎం.ఏ. చరిత్ర చదివాను. మా ఆయన ఇంజనీరు, ఆయన వెనకాల సింగపూర్ వచ్చాను. చరిత్ర చదివినదానికి ఈ దేశంలో ఏం పని దొరుకుతుందని అందరూ జాలిపడుతుంటే నాకు దొరికింది. అమెరికాలో ఒక గ్రంథాలయం తన దగ్గరున్న పాత సంఘసంస్కరణ కాగితాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాలనుకుంది. మద్యం మానిపించే సంఘాల ప్రతిజ్ఞా పత్రాలు, బానిసత్వం రద్దు చేయమని ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించిన అర్జీలు, ఫ్యాక్టరీల్లో పసిపిల్లల్ని లెక్కపెట్టిన నివేదికలు, దారి తప్పారని ఎవరో తేల్చిన ఆడపిల్లల్ని ఉంచిన శరణాలయాల రికార్డులు. వాటిని స్కాన్ చేసి సీడీల్లో మాకు పంపేవారు. మేము టైపు చేసి పంపేవాళ్ళం.

ఆ ఉద్యమాలను వెక్కిరించడానికి ఇది రాయడం లేదు, ముందే చెబుతున్నాను. ఆ అర్జీల్లో వణికే చేతులతో పెట్టిన సంతకాలు చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించేది. ఓటే లేని ఆడవాళ్ళు మంచులో నడిచి మనుషుల్ని అమ్మడం ఆపమన్నారు. అది చిన్న పని కాదు. కానీ మంచి చేసేవాళ్ళలో రెండు రకాలుంటారు. ఎదుటివాళ్ళను ఏం కావాలో అడిగేవాళ్ళు ఒక రకం, అడగకుండానే తెలిసినవాళ్ళు రెండో రకం. రెండో రకంవాళ్ళ చేతిరాత ఎప్పుడూ చాలా అందంగా ఉంటుంది. నమ్మకపోతే వెళ్ళి చూడండి.

పని పద్ధతి ఇది. ఒకే కార్డును ఇద్దరు వేర్వేరుగా టైపు చేస్తారు. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియకూడదు. అందుకని కంపెనీ ఒక గదిని తూర్పున చాంగీలో, ఇంకో గదిని పడమటి కొసన యూ టీ దగ్గర పెట్టింది. ఇద్దరి టైపింగునూ యంత్రం పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఆ కార్డు నా బల్ల మీదకు వస్తుంది, ఎవరు ఒప్పో నేను తేలుస్తాను. తేడా రాకపోతే మనిషి కన్ను పడకుండానే అమెరికా వెళ్ళిపోతుంది.

మా పైఅధికారి మిస్టర్ లిమ్. మంచివాడే, నాకు పని నేర్పినవాడే. మొదటి రోజు ఆయన చెప్పింది, "సూ, రెండు చేతులు ఒకే మాట రాస్తే అది నిజం. తలెత్తి చూడకు. టైమ్ వేస్ట్ లా." లా ఇక్కడివాళ్ళ ఊతపదం. సుభద్ర అన్న నా పేరు ఆయన నోట్లో సూ దగ్గరే ఆగిపోయేది.

లోకంలోకెల్లా పెద్ద తాగుబోతు

రెండు చేతులు ఒకే మాట రాస్తే అది నిజమన్న సూత్రం మొదటిసారి ఎక్కడ బోల్తాపడిందో చెబుతాను. మద్యం మానేస్తామని ఒట్టేసిన పత్రాల్లో చదువురానివాళ్ళు పేరు బదులు గుణకారం గుర్తు పెట్టారు. పక్కనే గుమాస్తా సన్నటి అక్షరాల్లో వాళ్ళ పేరు రాశాడు. రెండు గదుల్లోనూ టైపు చేసేవాళ్ళు ఆ సన్న అక్షరాల్ని వదిలేసి, సంతకం ఉండాల్సిన చోట ఎక్స్ అని కొట్టారు. ఇద్దరూ కలిశారు, యంత్రం సరేనంది. ఆ తరువాత ఒకే పేరున్నవాళ్ళను కలిపేసే ప్రోగ్రాం నడిచింది. చివరికి ఊరూరా తిరిగి వందలసార్లు తాగుడు మానేసిన ఎక్స్ అనే ఒకే ఒక్క మహానుభావుడు తేలాడు.

"ఇంత పట్టుదలగల తాగుబోతును నేను చూడలేదు," అని లిమ్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను. పేరు రాయడం రాని మనుషులందరూ ఒక్క మనిషిలోకి కూరుకుపోయారని అప్పుడు నాకు తట్టలేదు. నవ్వొచ్చే తప్పులు త్వరగా దిద్దేస్తాం. దిద్దేశాం కూడా. నేర్చుకోవలసింది మాత్రం నేర్చుకోలేదు.

రెండు చేతులూ ఒకే మాట

శరణాలయం కార్డులు వచ్చింది వర్షాలు తగ్గాక. ఒక్కో ఆడపిల్లకు ఒక్కో కార్డు. పేరు, వయసు, ఎందుకు తెచ్చారు, ఏ పని నేర్పారు, ఎంత బాగుపడింది, ఎప్పుడు ఎక్కడికి వెళ్ళింది. అంతా సిరాతో, ముత్యాల్లాంటి ఒకే దస్తూరీ. చాలా కార్డుల చివర ఒకే వాక్యం ఉంటుంది. "పల్లెలో ఒక మంచి ఇంట పనికి కుదిరి వెళ్ళింది."

కలిసిన కార్డులను చూడొద్దని లిమ్ అన్నా, నాకు ఎవరి మాటా వినే అలవాటు లేదు. వారానికి కొన్ని తెరిచేదాన్ని. ఒక మధ్యాహ్నం అలా తెరిచిన కార్డులో, పల్లెలో మంచి ఇంట పనికి వెళ్ళిందన్న వాక్యం తరువాత, టైపు చేసినదాంట్లో మరో ముక్క కనిపించింది. ఇంగ్లీషులో మూడు మాటలు, మనకైతే ఒక్కటే.

వెళ్ళలేదు.

నా తెర మీది బొమ్మలో చూశాను. అక్కడ ఏమీ లేదు. తెల్లటి కాగితం. దగ్గరికి లాగి పెద్దది చేసి చూశాను. తెలుపు ఇంకా పెద్దదైంది, అంతే.

ఒకరు కొట్టిన తప్పయితే యంత్రం పట్టుకునేది. కానీ ఇద్దరూ కొట్టారు. లేని మాటను, ద్వీపానికి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. అదే పెట్టెలోని మిగతా కార్డులన్నీ తెరిచాను. సాయంత్రానికి పదకొండు తేలాయి. పదకొండు వేర్వేరు ఆడపిల్లలు. అన్నిటి చివరా సిరా వెళ్ళిందంటోంది, మా ఇద్దరు మనుషులూ వెళ్ళలేదంటున్నారు. తల్లి వచ్చి తీసుకెళ్ళిందని, పెళ్ళయిందని ఉన్న కార్డుల్లో ఈ మాట లేదు. పల్లెకు పోయినవాళ్ళకే. వాళ్ళలోనూ అందరికీ కాదు.

ఆ గదిలో ఏసీ ఎప్పుడూ గడ్డకట్టించేది, అందరం స్వెటర్లు వేసుకునేవాళ్ళం. ఆ రోజు నేను స్వెటరు మీద శాలువా కప్పుకున్నాను. వెనక ఎవరో నిలబడి నా భుజం మీదుగా చదువుతున్నట్టు రెండుసార్లు తిరిగి చూశాను. ఎవరూ లేరు. అప్పుడు నాకు భయం వేసింది, భయం వేసినందుకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నాకు దొంగలు కనిపిస్తారు. వీళ్ళిద్దరూ ఒకరిది చూసి ఒకరు కొడుతున్నారు, అని తీర్పు చెప్పేశాను. మా పనిలో అంతకన్నా పెద్ద నేరం లేదు.

ఇద్దరు ముద్దాయిలు

చాంగీ గదిలో టైపు చేసింది నరసమ్మక్క. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి తెల్లవాళ్ళ కాలంలో ఓడెక్కి వచ్చాడు. ఈమె ఇక్కడే పుట్టింది, పాసిర్ రిస్‌లో ఫ్లాటు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆమె తెలుగులో తాత ఊరి యాస, తమిళం, మలయ్ మూడూ కాపురం చేసేవి.

"అక్కా, ఈ మాట ఎక్కడ చూసి కొట్టావు?"

"కార్డు మీద సూసి."

"కార్డు మీద లేదు."

"ఉంది గాబట్టే కొట్టినాను. లేంది సుమ్మా, ఊరికే కొడతానేటమ్మా? నాకేటి, చేతి దురదా?"

"యూ టీ గదిలో నీకెవరు తెలుసు?"

"ఆ రైలెక్కి ఆ కొసకి నానెప్పుడెల్లినాను? కావాలంటే నా కార్డు గీకి సూసుకో." రైలు కార్డు తీసి నా బల్ల మీద పడేసింది. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆ కార్డుల్లో పిల్లలు నీకు నచ్చలేదు గావాల. నాకు నచ్చినారు."

యూ టీ గదిలో సునీత. కరీంనగర్ అమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు. భర్త యూనివర్సిటీలో పరిశోధన విద్యార్థి. విద్యార్థి పాస్ మీద భార్యను తెచ్చుకోవడానికి వీల్లేదు, కాబట్టి ఆమె ఈ దేశంలో ఉన్నది మా ఉద్యోగం మీదే. అది పోతే మొగుణ్ణి వదిలి విమానం ఎక్కాలి. ఈ సంగతి నాకు పూర్తిగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆమెతో ఫోన్లో మాట్లాడాను.

"నేను సొంతంగ ఎందుకు రాస్త మేడం? గా మాట కార్డు మీదున్నది. సన్నగ, కింద మూలకు."

"నాకు కనబడటం లేదు."

"మీ మిషన్ల కనవడ్తలేదేమో. నా మిషన్ల సూడుండ్రి. ఒక్కసారి ఇటు రారాదుండ్రి మేడం, మీకే ఎరుకైతది."

"నరసమ్మ నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"గామె ఎవరో నాకు ఎరుకనే లేదు. దేవుని మీద ఒట్టు." గొంతు తగ్గించి అంది, "ఆయన సదువు ఇంక రెండేండ్లున్నది మేడం. నౌకరి పోతె నేను ఈడ ఉండరాదు."

చాంగీ నుంచి యూ టీకి రైలులో గంటంపావు. ఎక్స్‌పో స్టేషన్ కొత్తగా తెరిచారు కూడా, మా ఆఫీసు నుంచి నడిచిపోయే దూరం. నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే, ఆ రోజు బద్ధకం వేసింది. ఈ వ్యాసంలో ఇంతకంటే ముఖ్యమైన వాక్యం లేదు. తల్లీ, కొత్తగా చేరినదానా, నీ కింద పనిచేసే మనిషి, ఒకసారి వచ్చి తన తెర మీద చూడమంటే, లేచి వెళ్ళు.

నరసమ్మక్క ఈ దేశపు పౌరురాలు, యూనియన్ తెలిసిన మనిషి. ఆమెకు హెచ్చరిక కాగితం ఇచ్చి ఊరుకున్నాం. ఎవరో ఒకరు పోవాలి కదా, సునీత పోయింది. అందరూ నా గుండె రాయి అంటారు కానీ ఆ పిల్ల విషయంలో నేను దయ చూపించాననే అనుకున్నాను. మోసం చేసిందని రాస్తే ఆమెకు ఇంకెక్కడా ఉద్యోగం దొరకదు. అందుకని ఫారంలో వెళ్ళిపోవడానికి కారణం అన్నచోట నా ముత్యాల దస్తూరీతో, సిరాతో రాశాను. "మరింత మంచి అవకాశం దొరికి వెళ్ళింది."

రాస్తున్నప్పుడు నాకు ఏమీ గుర్తుకు రాలేదు. ఒట్టు.

పదకొండు కార్డుల్లోంచీ ఆ మాట నేనే తీసేశాను. డిలీట్ మీట పదకొండుసార్లు నొక్కాను.

ఖాళీ వరస

అక్కడితో అయిపోతే బాగుండేది. సునీత స్థానంలో యూ టీలో కొత్తమ్మాయిని పెట్టారు, ఆమెకు కొత్త కంప్యూటరు ఇచ్చారు. తరువాతి పెట్టె నడిచింది. ఇప్పుడు ఒక కార్డుకు చాంగీ నుంచి "కిటికీకి మేకులు కొట్టారు" అని వచ్చింది, యూ టీ నుంచి ఏమీ రాలేదు. ఇంకోదానికి "ఆమె పేరు ఇది కాదు" అని చాంగీ, మళ్ళీ ఏమీ లేదని యూ టీ. తేడా వచ్చింది కనుక రెండూ నా బల్ల మీదకే వచ్చాయి. నా తెర మీద మళ్ళీ అదే తెలుపు. ముసలామెకు మతి తప్పుతోందనుకున్నాను. ఆమెను పిలిపిద్దామంటే, ఆ రోజు నుంచి ఆఫీసుకు రావడం మానేసింది.

అది చీనావాళ్ళకు ఏడో నెల. పితృదేవతలకు తలుపులు తెరిచి వదిలే నెల. నేను పాసిర్ రిస్ వెళ్ళేసరికి సాయంకాలం. బ్లాకుల మధ్య ఖాళీ స్థలంలో పోయినవాళ్ళ కోసం రేకుపెట్టెల్లో కాగితాలు తగలబెడుతున్నారు, నల్లటి బూడిద గాల్లో తేలి ఆరేసిన బట్టల మీద వాలుతోంది. పందిరి వేసి పాటకచేరీ పెట్టారు. జనం కిటకిటలాడుతున్నారు, నిలబడి చూస్తున్నవాళ్ళే ఎక్కువ. మొదటి వరస ఎర్ర కుర్చీలు మాత్రం ఒక్కటీ నిండలేదు. కాళ్ళు నొప్పిగా ఉండి అటు అడుగేశాను.

"అక్కడ కూకోకు!" వెనక నుంచి నరసమ్మక్క నా చెయ్యి పట్టి లాగింది. "పంతాంగ్ అమ్మా, తప్పు. ఆ వరస సచ్చిపోయినోళ్ళది."

పాడే అమ్మాయి మెరుపుల గౌను వేసుకుని, ఆ ఖాళీ కుర్చీలకు వంగి దణ్ణం పెట్టి, వాటినే చూస్తూ పాడుతోంది. ఒక్కో కుర్చీ దగ్గర ఆగి నవ్వుతోంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎందుకు రావటంలేదక్కా ఆఫీసుకి?"

"ఎందుకొస్తాను? ఆ పిల్లని పంపేసినావంట, మొన్నే తెలిసినాది. నన్ను పంపలేక ఉంచినావు. నానిక్కడి మడిసిని గాకపోతే నన్నూ పంపీసుందువు."

"నువ్వు లేని మాటలు కొడుతుంటే..."

"నీకు సదువుంది, నాకు కళ్ళున్నాయి. ఎన్నాళ్ళని కాట్లాడుకుంటాం? రేపొచ్చి నా కుర్చీలో కూకో. కూకొని సూడు. అప్పుడూ కనపడకపోతే నానే రాజీనామా రాసిస్తాను." ఖాళీ వరసకేసి చూసి చిన్నగా అంది, "వాళ్ళకీ ఓ కుర్చీ ఎయ్యాలమ్మా. అంతే అడిగేది వాళ్ళు."

ఆమె కుర్చీలో

మర్నాడు పొద్దున్నే ఆమె కుర్చీలో కూర్చున్నాను. పాత కంప్యూటరు, సీడీ పెట్టే అర గీరుమంది. ఆ పదకొండింట్లో మొదటి కార్డు తెరుచుకుంది. నేను చూసిన తెల్లటి కార్డు కాదు. బూడిదరంగు కాగితం, మరకలు, మడతలు, మూలన ఎవరిదో వేలిముద్ర. సిరా వాక్యం కింద, అడుగున, ఊపిరి ఆనితే చెరిగిపోయేంత పలచగా, పెన్సిల్ గీతలు.

వెళ్ళలేదు.

నాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు, ఎందుకంటే దాని వెనకున్న గొప్ప ఆలోచన నాదే. అమెరికా నుంచి వచ్చే బొమ్మలు బరువైనవి, మా సర్వర్లో తెరుచుకోవడానికి యుగాలు పట్టేది. మరకలన్నీ తీసేసి, నలుపు తెలుపులుగా మార్చిన తేలికపాటి నకళ్ళు చేసుకుందామని నేనే సలహా ఇచ్చాను. పని రెట్టింపు వేగంగా సాగింది. లిమ్ అందరి ముందూ నాకు చప్పట్లు కొట్టించాడు. ఆ శుభ్రం చేసే ప్రోగ్రాంకు సిరా ఒక్కటే రాత. పెన్సిల్ మరక. సర్వర్‌కు కలపని పాత కంప్యూటర్లున్న నరసమ్మక్క, సునీత నేరుగా సీడీ చూసి కొట్టారు. కొత్త కంప్యూటరున్న కొత్తమ్మాయీ, పెద్ద బల్ల ఉన్న నేనూ శుభ్రమైన నకలు చూశాం.

ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మాట రాశారు, ఆ మాట అక్కడ ఉండటం వల్ల. ఇంత తేలిక సంగతికి నేను దయ్యాన్నీ దొంగనీ కూడా ఊహించగలిగాను. మరక తీసిన నా చెయ్యి తప్ప అన్నీ తట్టాయి.

లిమ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. ఆ తరువాత ఒప్పందం కాగితం తీసి ఒక వాక్యం చూపించాడు. సంస్థవారు సిరాతో రాసినదాన్నే టైపు చేయాలి, ఇతరుల గీతలు వదిలేయాలి.

"క్లయింట్ ఆల్రెడీ తీసుకున్నాడు, హ్యాపీ. దయ్యాల్ని వెతుక్కోకు లా, సూ. అందులోనూ ఈ నెలలో."

"అయితే సునీతను వెనక్కి పిలవండి."

"ఆమె మంచి అవకాశం దొరికి వెళ్ళింది కదా," అన్నాడు. వెటకారం కాదు. ఫారం చూసి చదివాడు.

అప్పుడెక్కాను యూ టీ రైలు. సునీత కుర్చీ గది చివర కిటికీ పక్కన. అందరూ ఇరుక్కుని కూర్చున్నా అదొక్కటే ఖాళీగా ఉంది. సీటు మీద టిష్యూ పేపర్ల ప్యాకెట్టు. హాకర్ సెంటర్లో తిండికి వెళ్ళేవాళ్ళు చోపే చేసినట్టు, ఇది నా చోటు, ఇప్పుడే వస్తాను అన్నట్టు పెట్టి వెళ్ళింది. ఈ దేశంలో టిష్యూ ప్యాకెట్టున్న కుర్చీలో ఎవరూ కూర్చోరు, అది చట్టం కంటే గట్టిది. కొత్తమ్మాయికి కూడా వేరే బల్ల వేశారు. ఆమె వెళ్ళి నెల దాటింది.

నేనూ ఆ ప్యాకెట్టు తీయలేకపోయాను. చాంగీకి తిరిగొచ్చి, ఆమె ఫైలు తెప్పించి, నేను సిరాతో రాసిన వాక్యం కింద పెన్సిల్‌తో రాశాను. "వెళ్ళలేదు. నేను పంపాను." ఇప్పటికి ఆ ఫైళ్ళను కూడా స్కాన్ చేసి, శుభ్రం చేసి ఉంటారు.

తరువాత సునీత మెయిల్ వెతికి పట్టుకుని పొడుగాటి క్షమాపణ రాశాను. తిరిగి తీసుకునేలా పోరాడతానని రాశాను. వారం తరువాత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క తెలుగు వాక్యం వచ్చింది.

"ఇప్పుడు మీ మిషన్ల కనవడ్తాందా మేడం?"

అంతే. మళ్ళీ రాయలేదు, రాలేదు. దానికంటే పెద్ద శిక్ష ఎవరూ నాకు వేయలేదు, వేయలేరు కూడా.

పన్నెండో కార్డు

పదకొండు కార్డుల్లోనూ నేను తీసేసిన మాటను మళ్ళీ నేనే ఎక్కించి, తరువాతి పెట్టెలోని ఆ రెండు మాటల్నీ చేర్చి, పక్కన పెన్సిల్ రాత అని గుర్తుపెట్టి పంపాను. ఒప్పందాన్ని ఉల్లంఘించానని నాకూ ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. నరసమ్మక్క దాన్ని చూసి, "బాగుంది, ఇప్పుడిద్దరం ఒక బడి పిల్లలం. మకాన్‌కి పోదాం రా, ఆకలేత్తంది," అంది.

ఆమె మళ్ళీ పనిలోకి వచ్చాక ఒక మధ్యాహ్నం ఇద్దరం పల్లెకు పోయినవాళ్ళ కార్డుల్ని, ఆడపిల్లలు వెళ్ళిన తేదీల వరసలో పేర్చి చూశాం. మొదటిదాని నుంచి పదకొండోదాని దాకా పెన్సిల్ ఉంది. మేకులు, పేరు అన్న ఆ రెండు కార్డుల తేదీలూ ఆ లోపువే. ఆ తరువాత వెళ్ళిన పిల్ల దగ్గర ఆగిపోయింది. ఆమె తరువాత కార్డులు ఇంకా ఎన్నో ఉన్నాయి, అన్నీ సిరాయే, ఒక్కదానిలోనూ పెన్సిల్ లేదు.

"ఎవరో చూసి మాన్పించి ఉంటారు," అన్నాను.

నరసమ్మక్క ఆ పన్నెండో కార్డును తెరిచి చాలాసేపు చూసింది. నేర్పిన పని అన్నచోట, శరణాలయం పెద్దమ్మగారి ఆఫీసు గది ఊడవడం, బల్లలు తుడవడం అని ఉంది. నడవడిక, మౌనం. ప్రత్యేకంగా చెప్పవలసినది, చేతిరాత బాగుంది. చివర ఎప్పటి వాక్యమే, పల్లెలో ఒక మంచి ఇంట పనికి కుదిరి వెళ్ళింది. దాని కింద బూడిదరంగు కాగితం, మరకలు, ఒక మడత. ఇంకేమీ లేదు.

"రాసినోళ్ళ కార్డు మీద ఎవులు రాత్తారమ్మా?" అంది.

నరసమ్మక్క పోయి నాలుగేళ్ళయింది. ఆ గ్రంథాలయానికి నేను ఇప్పటికీ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. ఆ శరణాలయం చుట్టుపక్కల పల్లెల జనాభా లెక్కల్లో, చర్చి పుస్తకాల్లో, శ్మశానాల జాబితాల్లో ఆ పన్నెండో కార్డు మీది పేరు వెతకమని అడుగుతున్నాను. మర్యాదగా జవాబిస్తారు. మా రికార్డు ప్రకారం ఆమె మంచి ఇంట పనికి కుదిరి వెళ్ళిందండీ, అంటారు. ఆ రికార్డు టైపు చేసి పంపింది మేమే. నాకే చదివి వినిపిస్తున్నారు.

సిరా ఏమందో నాకు తెలుసు. ఇదే వాక్యాన్ని ఇంకో పిల్ల మీద నేనూ రాశాను కనుక దాని విలువ ఎంతో కూడా తెలుసు. నాకు కావలసింది ఒక్క సంగతి. ఆ పదకొండుమందికీ సాక్ష్యం చెప్పిన ఆ పన్నెండో పిల్ల వెళ్ళిందా?